సైట్ మార్చాక గూగుల్‌లో ర్యాంక్ ఊగుతోందా? బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు వైపున్న బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ఊళ్లలో చిన్న వ్యాపారాల సైట్లు చూసుకునే పని నాది. పట్టుచీరల షాపులవాళ్లు, అప్పడాలూ పచ్చళ్లూ అమ్మేవాళ్లు, కోచింగ్ సెంటర్లవాళ్లు, ట్రావెల్స్‌వాళ్లు సైటుకు కొత్త రూపు ఇచ్చిన పదిహేను రోజులకల్లా ఒకే రకం సందేహాలతో ఫోన్ చేస్తారు. వాళ్లు అడిగిన మాటల్లోనే ఆ ప్రశ్నలను ఇక్కడ పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను కాబట్టి వరసగా చదవక్కర్లేదు. మీ సందేహం ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి.

## సైట్ మార్చకముందు

సైట్ బాగానే నడుస్తోంది. డిజైన్ మారిస్తే ర్యాంక్ పోతుందా?

రంగులు, బ్యానర్లు, బటన్లు మారినంత మాత్రాన పోదు. పేజీ అడ్రసు, టైటిల్, హెడ్డింగులు, రాసిన వివరం, ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి ఉన్న లింకులు, వీటిలో ఏది మారినా గూగుల్ ఆ పేజీని మళ్లీ కొత్తగా అంచనా వేస్తుంది. చిక్కు ఎక్కడొస్తుందంటే, ‘డిజైన్ ఒక్కటే మారుస్తాం’ అని మొదలైన పని చాలాసార్లు ఇవన్నీ మార్చేశాకే ఆగుతుంది. కొత్త థీమ్‌లో పొడుగు వివరం ఇమడలేదని సగం కోసేస్తారు. నాలుగు రకాల చీరలకు ఉన్న నాలుగు పేజీలను కలిపి ఒకటి చేస్తారు. ఏది మారుతుందో, ఏది ముట్టుకోరో పని ఒప్పుకునే రోజే కాగితం మీద రాయించుకోండి.

మార్చేముందు ఏమేం దాచిపెట్టుకోవాలి?

సైట్ పూర్తి బ్యాకప్, అన్ని పేజీల అడ్రసులూ టైటిళ్లూ ఉన్న ఒక ఎక్సెల్ షీటు, సైట్ ఓనర్లకు తమ సైట్ లెక్కలు చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లోని పెర్ఫార్మెన్స్ రిపోర్టు. చివరిదాన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. ఏ మాటలు కొట్టి జనం మీ దగ్గరికి వస్తున్నారో, ఏ పేజీకి ఎన్ని క్లిక్కులు పడుతున్నాయో అందులో ఉంటుంది. సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్కే ఉంచుతుంది, అందుకే డౌన్‌లోడ్ చేసుకుని మీ దగ్గర పెట్టుకోవాలి. రేపు ‘పడిపోయింది’ అనిపించినప్పుడు ఏ పేజీ, ఏ మాట దగ్గర పడిందో చెప్పేది ఆ షీటే. అది లేకపోతే ఎవరిని అడిగినా ఊహే చెబుతారు.

పాత అడ్రసులు చూడ్డానికి బాగాలేవు. అవి కూడా మార్చేద్దామా?

కారణం అదొక్కటే అయితే మార్చకండి. ఎన్నో ఏళ్లుగా ఇతరులు ఇచ్చిన లింకులు, వాట్సాప్‌లో తిరుగుతున్న లింకులు అన్నీ ఆ అడ్రసుకే ఉంటాయి. తప్పదనుకుంటే ప్రతి పాత అడ్రసు నుంచీ దానికి సరిపోయే కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ (పాత అడ్రసుకు వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి పంపే ఏర్పాటు) పెట్టాలి. అన్నిటినీ తీసుకెళ్లి హోమ్ పేజీకి కలిపేస్తే గూగుల్ వాటిని ‘పేజీ లేదు’ కిందే కట్టేస్తుంది. రీడైరెక్టులు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ సలహా. నేనైతే అసలు తీయొద్దంటాను, వాటివల్ల ఖర్చేమీ లేదు.

సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పోస్టు (బ్లాగ్ రాత) అడ్రసు మారిస్తే పాతదాన్ని వర్డ్‌ప్రెస్సే గుర్తుపెట్టుకుని కొత్తదానికి పంపుతుంది. ‘పేజీ’లకు మాత్రం అలా చేయదు, అక్కడ రీడైరెక్ట్ మనమే పెట్టాలి. రెండోది తెలుగులో ఉండే అడ్రసుల గురించి. బ్రౌజర్‌లో తెలుగుగా కనిపించినా లోపల అది కోడ్‌గా మారుతుంది. అప్పుడు ఒక్కో తెలుగు చిహ్నానికి తొమ్మిది గుర్తులు పడతాయి, గుణింతమూ పొల్లూ సున్నా కూడా విడివిడిగా లెక్కే. వర్డ్‌ప్రెస్ ఆ భాగానికి ఇచ్చే చోటు 200 గుర్తులు. ‘బరంపురం పట్టుచీరలు’ అన్న రెండు మాటలకే 154 అయిపోతాయి. ఆ పక్కన ‘హోల్‌సేల్ ధరలు’ అని చేరిస్తే మాట మధ్యలో తెగిపోతుంది. అందుకే తెలుగు పేజీ అయినా అడ్రసు చిన్నదిగా, ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోమంటాను.

ఊరిపేరు బరంపురం అని రాయాలా, బ్రహ్మపుర అనా?

మీ కస్టమర్లు ఏది కొడుతున్నారో అది ముందు రాయండి. సర్కారు కాగితాల్లో బ్రహ్మపుర, మన నోట బరంపురం, ఇంగ్లిష్‌లో పాత స్పెల్లింగు ఇంకోటి. పైగా పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలో బహరంపూర్ అని ఒక ఊరుంది, ఇంగ్లిష్‌లో రాస్తే రెండింటికీ పెద్ద తేడా ఉండదు. కోరాపుట్ జిల్లా జయపురం వాళ్లకైతే రాజస్థాన్ రాజధాని జైపూర్‌తోనే పోటీ. పర్లాకిమిడిని ఇంగ్లిష్‌లో ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు.

రెండు పేర్లూ ఒకే ఊరివని సెర్చ్ ఇంజన్ చాలావరకు పోల్చుకుంటుంది. కానీ పోల్చుకోవడానికి పేజీలో ఆధారం కావాలి కదా. గంజాం జిల్లా, ఒడిశా, పిన్‌కోడ్, షాపు ఉన్న వీధి, దగ్గర్లోని గుర్తు, ఇవన్నీ ఆ ఆధారాలు. పాత సైట్లలో ఇవి ఎవరో ఊరివాళ్లు రాసినవి కాబట్టి సహజంగానే ఉండేవి. కొత్త సైట్‌ను దూరంగా ఏ పెద్ద నగరంలోనో కూర్చుని చేసినవాళ్లు అన్నిచోట్లా అధికారిక పేరు ఒక్కటే ఉంచి, మిగతావి ‘అనవసరం’ అని తీసేస్తారు. ఈ సరిహద్దు ఊళ్లలో సైట్ మార్చాక ర్యాంక్ పడిందని వచ్చినప్పుడు నేను మొట్టమొదట వెతికేది ఇదే. టైటిల్‌లో ఎక్కువమంది కొట్టే పేరు, మొదటి పేరాలో రెండో పేరు, అడుగున పూర్తి చిరునామా ఉంటే చాలు. ఉన్న స్పెల్లింగులన్నీ వరసగా కుక్కితే స్పామ్‌గా లెక్కవుతుంది.

మా దగ్గరికి తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ వస్తారు. ఒకే పేజీలో రెండు భాషలూ పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ ఏ భాషలోనూ బలంగా నిలబడదు. భాషకొక పేజీ, దానికి విడి అడ్రసు ఉండాలి. ఇవి ఒకదానికొకటి భాషాంతరాలని చెప్పడానికి హెచ్‌రెఫ్‌లాంగ్ అనే ట్యాగ్ ఉంది. తెలుగు పేజీ ఒడియా పేజీని చూపిస్తే ఒడియా పేజీ కూడా తిరిగి తెలుగు పేజీని చూపించాలి, లేకపోతే గూగుల్ ఆ ట్యాగ్‌ను పట్టించుకోదు.

వచ్చినవాళ్ల ఫోన్ భాషను బట్టి వాళ్లను ఆ పేజీకి తోసేసే ఏర్పాటు మాత్రం వద్దు. సైట్లు చదవడానికి గూగుల్ పంపే ప్రోగ్రాం, గూగుల్‌బాట్, ఎక్కువగా అమెరికా నుంచి వస్తుంది, నాకు ఫలానా భాష కావాలని అడగదు. అలాంటి సైట్‌లో దానికి ఇంగ్లిష్ పేజీ తప్ప ఇంకేమీ కనబడదు. పైన ‘తెలుగు, ఒడియా, ఇంగ్లిష్’ అని మూడు లింకులు పెట్టి, ఎంచుకోవడం వాళ్లకే వదిలేయండి.

## మార్చిన మొదటి రెండు వారాలు

కొత్త సైట్ పెట్టాక గూగుల్‌లో అసలు కనిపించడమే మానేసింది. ఏమైంది?

కిందికి దిగడం వేరు, మాయమవడం వేరు. మాయమైతే దాదాపు ఎప్పుడూ ఎక్కడో తలుపు మూసి ఉందని అర్థం. వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్‌లోని రీడింగ్ తెరవండి. ‘సెర్చ్ ఇంజన్లు ఈ సైటును ఇండెక్స్ చేయకుండా (తమ జాబితాలో చేర్చుకోకుండా) నిరుత్సాహపరచు’ అనే అర్థంలో ఒక టిక్ పెట్టె ఉంటుంది. సైట్ తయారవుతున్నప్పుడు దానికి టిక్ పెడతారు, అయిపోయాక తీయడం మర్చిపోతారు. తర్వాత సైట్‌లో ఎక్కడికి రావొచ్చో, రాకూడదో సెర్చ్ ఇంజన్లకు చెప్పే రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ ఫైలు చూడండి. దాన్ని సరిచేసినా గూగుల్ పాత కాపీనే దాదాపు ఒక రోజు వరకు పట్టుకుని ఉండొచ్చు.

ఇంకో మెలిక. పేజీలో ‘దీన్ని ఫలితాల్లో చూపొద్దు’ అని చెప్పే నోఇండెక్స్ ట్యాగ్ ఉండి, రోబోట్స్ ఫైలులోనూ ఆ పేజీని అడ్డుకుంటే, గూగుల్ లోపలికి వచ్చి ఆ ట్యాగ్ ఉందో పోయిందో చూడలేదు. రెండూ తీసేశాక సెర్చ్ కన్సోల్‌లో యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో అడ్రసు పెట్టి లైవ్ టెస్ట్ నొక్కండి. గూగుల్‌కు పేజీ తెరుచుకుంటోందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

ఉదయం మూడో స్థానం, సాయంత్రం పదకొండు, మర్నాడు ఐదు. ఎందుకిలా గెంతుతోంది?

గూగుల్ మీ సైటంతా ఒకేసారి చదవదు. హోమ్ పేజీని రేపే చూడొచ్చు, లోపలెక్కడో ఉన్న పేజీని మూడు వారాల తర్వాత చూడొచ్చు. ఈ మధ్యకాలంలో దాని దగ్గర సగం పాత సైట్, సగం కొత్త సైట్ ఉంటాయి. పాత లింకులు ఒక పేజీని చూపిస్తుంటాయి, కొత్త మెనూ ఇంకో పేజీని చూపిస్తుంటుంది. రీడైరెక్ట్ వెంట వెళ్లి పాత పేజీకున్న విలువను కొత్తదానికి చేర్చాలి. ఈ సర్దుబాటు జరుగుతున్నన్నాళ్లూ స్థానం ఊగుతూనే ఉంటుంది.

ఇది ఈనాటిది కాదు. 2000ల తొలి ఏళ్లలో గూగుల్ తన ఇండెక్స్‌ను ఇంచుమించు నెలకోసారి మార్చేది, ఆ రోజుల్లో ఫలితాలు అటూఇటూ అవుతుంటే దానికి ‘గూగుల్ డాన్స్’ అని పేరు పెట్టారు. 2010 జూన్‌లో కెఫీన్ అనే కొత్త ఏర్పాటు వచ్చాక ఇండెక్స్ ఎడతెగకుండా మారుతూనే ఉంది. చిన్న మార్పు లెక్కలోకి రావడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పడుతుంది. అడ్రసులన్నీ మారిన సైట్ అయితే కొన్ని వారాలు ఖాయం. ఈ కాలంలో రోజుకు నాలుగుసార్లు స్థానం చూసుకుని, చూసినప్పుడల్లా టైటిల్ మార్చేవాళ్లు ఆ ఊపును వాళ్లే పొడిగించుకుంటున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

నా ఫోన్‌లో మొదటి పేజీలో ఉంది, విశాఖలో మా అన్నయ్య ఫోన్‌లో లేదు. ఏది నిజం?

రెండూ నిజమే. వెతికే మనిషి ఎక్కడున్నాడో చూసి గూగుల్ ఫలితాలు మారుస్తుంది. షాపులు, హోటళ్లు, డాక్టర్ల లాంటి వెతుకులాటల్లో ఇది బాగా తెలుస్తుంది. ఇన్‌కాగ్నిటోలో చూసినా మీరున్న చోటు దానికి తెలుస్తూనే ఉంటుంది. మీ సైట్‌ను మీరే వెతికి చూసుకోవడం మానేసి సెర్చ్ కన్సోల్‌లోని సగటు స్థానం చూడండి. ఒక రోజుది కాదు, వారానికి వారం పోల్చండి.

సెర్చ్ కన్సోల్‌లో ‘రిక్వెస్ట్ ఇండెక్సింగ్’ రోజూ నొక్కితే త్వరగా పైకి వస్తుందా?

రాదు. ఒకే పేజీకి పదేపదే నొక్కినా వరసలో ముందుకు జరగదు, పైగా రోజుకు ఇన్నే అని పరిమితి ఉంది. ముఖ్యమైన నాలుగైదు పేజీలకు ఒక్కసారి నొక్కి, మిగతావాటికి కొత్త సైట్‌మ్యాప్ (పేజీల అడ్రసుల జాబితా ఫైలు) ఇవ్వండి.

సెర్చ్ కన్సోల్‌లో 404లు కుప్పలుగా వస్తున్నాయి. భయపడాలా?

నిజంగా తీసేసిన పేజీలకు 404, అంటే ‘పేజీ లేదు’ అన్న జవాబు, రావడమే సరైనది. వాటివల్ల మిగతా పేజీలకు నష్టం లేదు. ఆ జాబితాను పాత ఎక్సెల్ షీటుతో పోల్చి, క్లిక్కులు వచ్చే పేజీ ఏదైనా అందులో ఉంటే దానికి వెంటనే రీడైరెక్ట్ పెట్టండి.

## నెల గడిచాక

ఇంగ్లిష్‌లో వెతికితే వస్తోంది, తెలుగులో వెతికితే రావట్లేదు. ఎందుకు?

పేజీలోని తెలుగు వాక్యం ఒకటి కాపీ చేసి, మీ ఫోన్‌లో వాట్సాప్‌లో మీకే పంపుకోండి. తెలుగులోనే వస్తే సమస్య ఇంకెక్కడో ఉంది. అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తే ఆ పేజీ యూనికోడ్‌లో (ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే చదవగలిగే టైపు పద్ధతిలో) లేదు. ప్రెస్సుల్లో పోస్టర్లకు, శుభలేఖలకు అను ఫాంట్స్‌లో టైపు చేస్తారు, ఒడియాకు ఆకృతి ఫాంట్లు వాడతారు. ఆ ఫైలునే తెచ్చి సైట్‌లో అతికిస్తే, మన కంటికి తెలుగే గానీ గూగుల్ చదివేది ఆ గజిబిజినే. యూనికోడ్‌లోకి మార్పించి, ఒకసారి మనిషి చేత సరిచూపించండి. మార్చే సాఫ్ట్‌వేర్లు ఒత్తుల దగ్గర తడబడతాయి.

కాపీ చేయడానికే వీల్లేకపోతే ఆ తెలుగంతా బొమ్మలో ఉందన్నమాట. ధరల పట్టిక, పచ్చళ్ల పేర్లు, కోర్సు వివరాలు పాంప్లెట్ ఫొటోగా పెట్టేయడం మనవైపు బాగా అలవాటు. బొమ్మను ఉంచుకోండి, కానీ అందులో ఉన్న మాటలను కింద టైపు చేయించండి.

కంప్యూటర్‌లో అన్నీ ఉన్నాయి, ఫోన్‌లో సగం వివరాలు దాచేశారు. దాని ప్రభావం ఉంటుందా?

చాలా ఉంటుంది. గూగుల్ ఇప్పుడు సైట్లను మొబైల్ రూపంలోనే చదువుతుంది. 2024 జులై 5 తర్వాత మొబైల్‌లో అసలు తెరుచుకోని సైట్‌ను ఇండెక్స్ చేయడం కూడా మానేసింది. నొక్కితే తెరుచుకునే మడతల్లో వివరం పెడితే ఫర్వాలేదు. ఫోన్ రూపం నుంచి పూర్తిగా తీసేస్తేనే ఆ వివరం గూగుల్ దృష్టిలో లేనట్టు.

కొత్త సైట్ నెమ్మదిగా తెరుచుకుంటోంది. అందుకే పడిపోయిందా?

వేగం ఒక్కటే ర్యాంక్‌ను ముంచదు. వివరం బాగున్న నెమ్మది పేజీ, వివరం లేని వేగం పేజీకంటే పైన ఉండగలదు. అయినా గూగుల్ చెప్పే కొలతలు తెలుసుకోండి: పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కినదానికి 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలి, తెరుచుకుంటున్నప్పుడు పేజీ కుదుపు (భాగాలు ఉన్నచోటు నుంచి జరగడం) స్కోరు 0.1 దాటకూడదు. రాయగడ ఏజెన్సీ ఊళ్లలో సిగ్నల్ ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. ఫోన్‌తో తీసిన చీర ఫొటోను అలాగే ఎక్కిస్తే ఒక్కోటి నాలుగైదు ఎంబీలు ఉంటుంది, అలాంటివి ఇరవై ఉన్న పేజీ అక్కడ ఎవరు తెరవగలరు? ర్యాంక్ కోసం కాకపోయినా ఆ కొనేవాళ్ల కోసం ఫొటోలు తగ్గించి వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫొటో రూపంలో పెట్టండి.

ర్యాంక్ అలాగే ఉంది, ఫోన్లు మాత్రం తగ్గాయి. ఎందుకు?

ముందు క్యాలెండర్ చూడండి. ఆషాఢమో మూఢమో అయితే పెళ్లి పట్టుచీరలు వెతికేవాళ్లే తగ్గుతారు, అది సైట్ తప్పు కాదు. సెర్చ్ కన్సోల్‌లో కిందటేడు అవే తిథుల వారాలతో పోల్చండి. అధికమాసం వచ్చిన ఏడాదిలో తేదీకి తేదీ పోలిస్తే లెక్క తప్పుతుంది. స్థానం మారకుండా ఇంప్రెషన్లు (ఫలితాల్లో మీ సైట్ కనిపించిన సార్లు) తగ్గితే గిరాకీ తగ్గింది. ఇంప్రెషన్లు మారకుండా క్లిక్కులు తగ్గితే టైటిల్ ఆకట్టుకోవట్లేదు. రెండూ బాగుండి ఫోన్లే రాకపోతే మీ సైట్‌లోని ఫోన్ నంబరును, వాట్సాప్ బటన్‌ను మీరే ఒకసారి నొక్కి చూడండి. కొత్త సైట్‌లో నమూనా నంబరు అలాగే మిగిలిపోయిన షాపులున్నాయి.

అదే సమయంలో గూగుల్ అప్‌డేట్ వచ్చిందంట. మా మార్పు వల్ల పడిందా, దానివల్లా?

గూగుల్ తన కోర్ అప్‌డేట్లు (ర్యాంకులు లెక్కించే పద్ధతిలో చేసే పెద్ద మార్పులు) ఎప్పుడు మొదలయ్యాయో, ఎప్పుడు ముగిశాయో సెర్చ్ స్టేటస్ డాష్‌బోర్డులో ప్రకటిస్తుంది. అక్కడి తేదీలను మీరు సైట్ మార్చిన తేదీతో కలిపి చూడండి. కొన్ని అప్‌డేట్లు చాలాకాలం సాగుతాయి. 2024 మార్చి 5న మొదలైనది ఏప్రిల్ 19 దాకా, 45 రోజులు నడిచింది. అది ముగిసి కనీసం వారం గడిచాకే లెక్క చూడమంటుంది గూగుల్. ఒక గుర్తు చెబుతాను: మీరు ముట్టుకోని పేజీలు కూడా పడితే అప్‌డేట్‌ను అనుమానించండి, మార్చిన పేజీలే పడితే మీ మార్పును.

గూగుల్ మ్యాప్‌లో కూడా మా షాపు కిందికి దిగింది. సైట్ మార్చడం వల్లేనా?

కొంత కావచ్చు. మ్యాప్‌లో వరస వెతికినదానికి ఎంత సంబంధం ఉంది, ఎంత దూరం, షాపుకు ఎంత పేరుంది అన్న మూడింటి మీద నడుస్తుంది. మ్యాప్‌లో షాపు వివరాలు చూపించే బిజినెస్ ప్రొఫైల్‌లో ఉన్న సైట్ లింకు పాత అడ్రసుకు వెళ్తోందేమో చూసి మార్చండి. షాపు పేరు, ఫోన్ సైట్‌లో ఒకలా, ప్రొఫైల్‌లో ఇంకోలా ఉండకూడదు.

పాత సైట్‌కే తిరిగి వెళ్లిపోదామా?

తొందరపడకండి. వెనక్కి వెళ్లడం కూడా గూగుల్‌కు ఇంకో మార్పే, సర్దుబాటు మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. ఏం పోయిందో వెతికి అది తిరిగి పెట్టడం మేలు. పాత పేజీలో ఉన్న పేరాగ్రాఫ్, తీసేసిన పేజీ, పోయిన టైటిల్ బ్యాకప్‌లోంచి తీసుకుని కొత్త డిజైన్‌లోనే పెట్టవచ్చు. రీడైరెక్టులు సరిగ్గా ఉండి, తలుపులన్నీ తెరిచే ఉండి, రెండు నెలలు దాటినా ముఖ్యమైన పేజీలు దిగిన చోటే కదలకుండా ఉంటే మాత్రం అది ఊగిసలాట కాదు, ఆ పేజీలను గూగుల్ కొత్తగా అంచనా వేసి ఇచ్చిన స్థానమది. అప్పుడు పేజీలోని వివరం మీద పనిచేయాలి. కింద తేదీ ఒక్కటి మార్చి ‘ఈరోజే అప్‌డేట్ అయింది’ అని పెట్టడం వల్ల ఏమీ రాదు.

‘వారంలో మొదటి స్థానం గ్యారంటీ’ అంటున్నారు. డబ్బు కట్టొచ్చా?

కట్టొద్దు. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సహాయ పేజీల్లోనే రాసింది. అలాంటివాళ్లు ఎక్కువగా చేసేది డబ్బిచ్చి లింకులు కొనిపెట్టడం. అది స్పామ్ నిబంధనలకు విరుద్ధం, దెబ్బ తగిలేది మీ సైట్‌కే. గూగుల్‌లో ప్రకటనలు ఇచ్చినా మామూలు ఫలితాల్లో స్థానం మారదు.

సైట్ చేసినవాళ్లు ఫోన్ ఎత్తట్లేదు. సెర్చ్ కన్సోల్ వాళ్ల మెయిల్‌లోనే ఉంది. ఎలా?

డొమైన్ (సైట్ అడ్రసు పేరు) మీ పేరు మీద ఉంటే వాళ్లతో పనిలేదు. మీ జీమెయిల్‌తో సెర్చ్ కన్సోల్ తెరిచి డొమైన్ పేరు ఇవ్వండి, అది టీఎక్స్‌టీ రికార్డు అనే చిన్న కోడు ఇస్తుంది. డొమైన్ కొన్నచోట డీఎన్‌ఎస్ సెట్టింగుల్లో దాన్ని చేర్చితే మీరూ ఓనర్ అవుతారు, ఒక సైట్‌కు ఒకరికంటే ఎక్కువమంది ఓనర్లు ఉండొచ్చు. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో యూజర్స్ చూసి పాతవాళ్లను తీసేయండి. వాళ్లు ధ్రువీకరణకు పెట్టిన ఫైలో ట్యాగో సైట్‌లో ఉంటే దాన్ని కూడా తొలగించాలి, లేదంటే మళ్లీ లోపలికి రాగలరు. డొమైన్ కూడా వాళ్ల పేరు మీదే ఉంటే, ర్యాంక్ సంగతి పక్కనపెట్టి ముందు దాన్ని మీ పేరుకు మార్పించుకోండి.